కాంతిని పంచే కప్లర్‌కు పేటెంట్ ఎప్పుడు నిలుస్తుంది?

క్లుప్తంగా: కాంతి నడిచే సన్నని దారులైన రెండు వేవ్‌గైడ్‌లను దగ్గరగా పెడితే ఒకదానిలోని కాంతి రెండోదానిలోకి మారుతుందన్నది అర్ధ శతాబ్దం నుంచి తెలిసిన విషయమే. ఇలా పనిచేసే భాగమే కప్లర్. అందుకే వాటి మధ్య ఎడం, పొడవు, వెడల్పు మార్చి గీసిన కప్లర్‌కు పేటెంట్ దొరకడం కష్టం. ఆ మార్పు వల్ల నిపుణులు కూడా ఊహించని ఫలితం వచ్చిందని చూపగలిగితే పరిస్థితి వేరు. భారత చట్టంలో మరికొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి కాబట్టి దరఖాస్తును ఏ మాటల్లో రాశారన్నది ఇక్కడ ఇంకా ముఖ్యం.

ఏఐ డేటా సెంటర్లలో రాగి తీగల పనిని క్రమంగా కాంతి అందుకుంటోంది. 2025 మార్చిలో చిప్ కంపెనీ ఎన్విడియా సిలికాన్ ఫొటోనిక్స్‌తో, అంటే సిలికాన్ చిప్ మీద కాంతిని నడిపే సాంకేతికతతో పనిచేసే నెట్‌వర్క్ స్విచ్‌లను ప్రకటించింది. భారత ప్రభుత్వం 2023లో రూ.6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్, కంప్యూటర్ల తయారీకి సూపర్ కండక్టింగ్ పద్ధతితో పాటు ఫొటోనిక్ పద్ధతినీ లక్ష్యాల్లో చేర్చింది. ఈ చిప్‌లలో ఎక్కడ చూసినా కనిపించే చిన్న భాగం డైరెక్షనల్ కప్లర్. కాంతిని రెండుగా పంచాలన్నా, రెండు దారుల కాంతిని కలపాలన్నా, రింగ్ ఆకారపు వేవ్‌గైడ్‌లోకి కొంత కాంతిని మళ్లించాలన్నా ఎక్కువగా దీన్నే వాడతారు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పరిశోధక విద్యార్థులకు, స్టార్టప్‌లకు త్వరగానే ఒక సందేహం ఎదురవుతుంది. ఎంతో శ్రమపడి గీసి, సిమ్యులేషన్ చేసి, చిప్ మీద పరీక్షించిన కప్లర్ డిజైన్‌కు పేటెంట్ వస్తుందా? వస్తుందని కొందరు, ఇది భౌతికశాస్త్ర సూత్రమే కాబట్టి రాదని మరికొందరు అంటారు. రెండు జవాబులూ సగమే సరైనవి. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పరికరం పని తీరు తెలియాలి.

కాంతి పక్క దారిలోకి ఎలా వెళ్తుంది

వేవ్‌గైడ్ అంటే కాంతి నడిచే సన్నని దారి. చుట్టూ ఉన్న పదార్థం కంటే ఎక్కువ వక్రీభవన గుణకం ఉన్న పదార్థంతో దాన్ని చేస్తారు. టెలికాం రంగంలో వాడే 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సిలికాన్ గుణకం సుమారు 3.48, దాని చుట్టూ ఉండే సిలికా గుణకం సుమారు 1.44. ఇంత తేడా ఉండటం వల్ల కాంతి చాలావరకు సిలికాన్‌లోనే బందీగా ఉంటుంది. అయినా దాని క్షేత్రం అంచు దగ్గర ఆగిపోదు. కొంత బయటికి వ్యాపించి, దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా సన్నగిల్లుతుంది. సరిగ్గా ఆ పరిధిలో రెండో వేవ్‌గైడ్ ఉంటే కాంతి మెల్లగా అందులోకి మారడం మొదలవుతుంది.

ఒకే దండేనికి వేలాడదీసిన రెండు లోలకాలలో ఒకదాన్ని ఊపితే, కాసేపటికి అది ఆగి రెండోది ఊగుతుంది, తర్వాత మళ్లీ మొదటిదే ఊగుతుంది. కప్లర్‌లో కాంతి శక్తి కూడా ఇలాగే అటూ ఇటూ మారుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ మార్పు కాలంతో కాక పొడవుతో జరుగుతుంది. రెండు వేవ్‌గైడ్‌లూ ఒకేలా ఉన్నప్పుడు దాటిన కాంతి వాటా, కప్లింగ్ గుణకాన్ని (కాంతి ఎంత త్వరగా పక్కకు మారుతుందో చెప్పే సంఖ్యను) పొడవుతో గుణిస్తే వచ్చే కోణపు సైన్ విలువ వర్గానికి సమానం. మొత్తం కాంతి దాటడానికి కావలసిన పొడవులో సగం దగ్గర ఆపితే చెరి సగం పంచే కప్లర్ తయారవుతుంది. రెండు వేవ్‌గైడ్‌ల మధ్య ఎడం సిలికాన్ చిప్‌లలో సాధారణంగా 200 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ ఎడం కొద్దిగా పెరిగినా కప్లింగ్ బాగా పడిపోతుంది.

అంటే ఎడం, పొడవు, వెడల్పు, మందం, పదార్థం, తరంగదైర్ఘ్యం తెలిస్తే ఫలితాన్ని ముందే లెక్కకట్టొచ్చు. ఇంజినీర్లకు ఇది పెద్ద వరం. పేటెంట్ కోరేవారికి మాత్రం ఇదే మొదటి ఇబ్బంది. ముందుగా లెక్కకు అందేదాన్ని కొత్త ఆవిష్కరణ అని ఒప్పించడం సులభం కాదు.

1969 నాటికే పుస్తకాల్లో ఉంది

మైక్రోవేవ్ ఇంజినీరింగ్‌లో డైరెక్షనల్ కప్లర్లు రెండో ప్రపంచ యుద్ధ కాలానికే ఉన్నాయి. కాంతికి అదే భావనను చిప్ మీద అన్వయించే ఆలోచన 1969లో స్పష్టమైన రూపం తీసుకుంది. ఆ ఏడాది బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో ఎస్.ఇ. మిల్లర్ ఇంటిగ్రేటెడ్ ఆప్టిక్స్ అనే రంగానికి రూపురేఖలు గీశారు. అదే పత్రికలో ఇ.ఎ.జె. మార్కాటిలి దీర్ఘచతురస్రాకార వేవ్‌గైడ్‌లకు, వాటితో చేసే డైరెక్షనల్ కప్లర్‌కు గణిత విశ్లేషణ ఇచ్చారు. ఎంత ఎడానికి ఎంత పొడవు కావాలో అందులోనే ఉంది.

పేటెంట్ పరిశీలకుడు (ఎగ్జామినర్) మొదట వెతికేది ఇలాంటి పాత సమాచారాన్నే. దరఖాస్తు తేదీకి ముందు ప్రపంచంలో ఎక్కడ ప్రచురితమైనా, పేటెంట్లు, పత్రికా వ్యాసాలు, సదస్సు పత్రాలు, యూనివర్సిటీ లైబ్రరీలో అందరికీ అందుబాటులో ఉన్న పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు, అన్నీ ఇందులోకే వస్తాయి. డైరెక్షనల్ కప్లర్ విషయంలో ఈ నిధి అపారం. గాజు, లిథియం నియోబేట్, పాలిమర్, సిలికాన్ నైట్రైడ్, ఇండియం ఫాస్ఫైడ్, ఇలా దాదాపు ప్రతి పదార్థంలోనూ ఎవరో ఒకరు కప్లర్ చేసి కొలతలు ప్రచురించారు. ‘దగ్గరగా ఉంచిన రెండు వేవ్‌గైడ్‌లు గల పరికరం’ అని విస్తారంగా క్లెయిమ్ (దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం) రాస్తే అది మొదటి మెట్టు దగ్గరే, అంటే కొత్తదనం లేదన్న కారణంతోనే ఆగిపోతుంది.

సూత్రానికి హక్కు లేదు, దానితో కట్టిన నిర్మాణానికి ఉండొచ్చు

సమీకరణం నుంచి పుట్టిన నిర్మాణానికి అసలు పేటెంట్ ఇవ్వకూడదా అన్న ప్రశ్న కాంతి చిప్‌లకు ముందే తలెత్తింది. 1939లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మెకే రేడియో, రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా మధ్య కేసు దీనికి చాలా దగ్గరి పోలిక. వివాదం ఒక దిశాత్మక యాంటెనా గురించి. ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో ఉన్న తీగల మధ్య కోణాన్ని, దశాబ్దాల ముందే అబ్రహాం అనే శాస్త్రవేత్త ప్రచురించిన సూత్రం ఆధారంగా నిర్ణయించారు. శాస్త్ర సత్యానికీ, దాని గణిత రూపానికీ పేటెంట్ రాదు గానీ, ఆ జ్ఞానంతో రూపొందించిన కొత్త, ఉపయోగకరమైన నిర్మాణానికి రావచ్చని కోర్టు చెప్పింది.

ఆ కేసులో పేటెంట్ యజమాని మాత్రం గెలవలేదు. పేటెంట్ చెల్లుతుందని అనుకున్నా, ఎదుటివారి యాంటెనా కోణం ఆ సూత్రం ఇచ్చే కోణం కాదు కాబట్టి ఉల్లంఘన లేదని కోర్టు తేల్చింది. కప్లర్ డిజైనర్లు ఈ రెండో భాగాన్ని ఎక్కువ శ్రద్ధగా చదవాలి. సూత్రం ఇచ్చే కొలతకే హక్కు పరిమితమైతే, పోటీదారు ఆ కొలతకు కొంచెం పక్కకు జరిగి తప్పించుకోగలడు.

కొలతలు మార్చితే సరిపోతుందా

ఎక్కువ దరఖాస్తులు చిక్కుకునేది రెండో మెట్టు దగ్గర. డిజైన్ కొత్తదే కావొచ్చు, సరిగ్గా ఆ ఎడం, ఆ పొడవు అంతకుముందు ఎవరూ రాసి ఉండకపోవచ్చు. కానీ ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న వ్యక్తికి అది తేలిగ్గా తట్టేదేనా? అమెరికాలో దీన్ని ‘ఆబ్వియస్‌నెస్’ పరీక్ష అంటారు. ఐరోపాలో, భారత్‌లో ‘ఇన్వెంటివ్ స్టెప్’ అంటారు.

అమెరికా కోర్టులు ఇందుకు గట్టి కొలబద్దలే తయారుచేశాయి. 1955 నాటి ఆలర్ కేసులో పాత ప్రక్రియ 100 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర, 10 శాతం ఆమ్లంతో నడిచేది. కొత్త దరఖాస్తుదారులు 40 నుంచి 80 డిగ్రీల మధ్య, 25 నుంచి 70 శాతం ఆమ్లంతో మెరుగైన ఫలితం సాధించామన్నారు. సాధారణ పరిస్థితులు ముందే తెలిసినప్పుడు, మామూలు ప్రయోగాలతో ఉత్తమ విలువలను వెతకడం ఆవిష్కరణ కాదని కోర్టు చెప్పింది. 1984లో గార్డ్‌నర్ కేసు మరింత సూటిగా ఉంది. పాత పరికరానికీ కొత్తదానికీ తేడా కొలతల్లో మాత్రమే ఉండి, పని తీరులో మార్పేమీ లేకపోతే పేటెంట్‌కు తగిన భేదం లేనట్టే. 1985లో టైటానియం మిశ్రమలోహం కేసులోనూ పాత విలువలకు మరీ దగ్గరగా ఉన్న విలువలు ఎంచుకుంటే, రెండింటి లక్షణాలు ఒకేలా ఉంటాయని ఎవరైనా ఊహిస్తారన్న తర్కమే నడిచింది. 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్ఆర్ కేసులో దీన్ని విస్తరించింది. తెలిసిన భాగాలను తెలిసిన పద్ధతిలో కలిపి, ఊహించదగిన ఫలితమే తెస్తే పేటెంట్ నిలవదని స్పష్టం చేసింది.

వీటన్నింటినీ కప్లర్‌కు అన్వయిస్తే చిత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఎడం 200 నానోమీటర్లు ఉన్న చోట 180 పెట్టి, అందుకు తగ్గట్టు పొడవు తగ్గించానంటే ఎగ్జామినర్ కప్లింగ్ సమీకరణాన్ని ముందు పెడతాడు. ఎడం తగ్గితే పొడవు తగ్గుతుందని ఆ సమీకరణమే చెబుతోంది. అందులో ఆవిష్కరణ ఎక్కడ?

అయితే 1977 నాటి ఆంటనీ కేసు వేరే దిశలో వెళ్లింది. వ్యర్థజలాల శుద్ధి పరికరంలో తొట్టె పరిమాణానికీ, లోపల తిరిగే పలకల వైశాల్యానికీ మధ్య నిష్పత్తిని దరఖాస్తుదారు ప్రత్యేకంగా ఎంచుకున్నాడు. ఆ నిష్పత్తి ఫలితాన్ని శాసిస్తుందన్న సంగతి అంతకుముందు ఎవరూ గుర్తించలేదు. ప్రభావం ఉందని తెలియని అంశాన్ని ఎవరైనా సర్దుబాటు చేసి చూస్తారని చెప్పడం సరికాదని కోర్టు భావించి, పేటెంట్‌కు అనుకూలంగా తీర్పిచ్చింది. కప్లర్ల విషయంలో అసలు కీలకం ఇక్కడే ఉంది. ఎడం, పొడవు ఫలితాన్ని మారుస్తాయని అందరికీ తెలుసు. వంపు ఎక్కడ మొదలైంది, అంచు మీద పళ్లలాంటి నిర్మాణం ఏం చేస్తుంది, రెండు వేవ్‌గైడ్‌ల వెడల్పులు పొడవు వెంట ఒకదానికొకటి ఎలా మారుతున్నాయి వంటి అంశాల్లో ఇంకా ఎవరూ గమనించని ప్రభావం ఉంటే, దాని చుట్టూ కట్టిన డిజైన్‌కు బలం ఉంటుంది.

నిలబడగల డిజైన్లు ఎలా ఉంటాయి

మామూలు కప్లర్‌కు కొన్ని మొండి సమస్యలున్నాయి. తరంగదైర్ఘ్యం పెరిగితే కాంతి క్షేత్రం మరింత బయటికి వ్యాపిస్తుంది, కప్లింగ్ పెరుగుతుంది. కాబట్టి 1550 నానోమీటర్ల దగ్గర చెరి సగం పంచే కప్లర్ 1500 దగ్గర అలా పంచదు. పోలరైజేషన్, అంటే కాంతి క్షేత్రం కంపించే దిశ మారినా నిష్పత్తి మారుతుంది. తయారీలో వేవ్‌గైడ్ వెడల్పు కొన్ని నానోమీటర్లు తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. వీటిలో దేన్నైనా ఊహకు అందని విధంగా పరిష్కరించిన నిర్మాణమే పేటెంట్ పరీక్షలో ముందుకు వెళ్తుంది.

అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో హెర్విగ్ కోగెల్నిక్, ఆర్.వి. ష్మిట్ చేసిన పని దీనికి మంచి ఉదాహరణ. వాళ్లు 1976లో ఒక శాస్త్ర పత్రం ప్రచురించారు. 1977లో అమెరికా పేటెంట్ కూడా వచ్చింది. అప్పట్లో కప్లర్‌తో స్విచ్ చేయాలంటే పొడవు చాలా కచ్చితంగా ఉండాలి, లేకపోతే కాంతి పూర్తిగా దాటదు. లిథియం నియోబేట్ కప్లర్లు మిల్లీమీటర్ల పొడవుండేవి, తయారీలో ఆ కచ్చితత్వం సాధించడం నరకం. కోగెల్నిక్, ష్మిట్ కప్లర్‌కు వోల్టేజీ అందించే ఎలక్ట్రోడ్‌ను ముక్కలుగా విడదీసి, పక్కపక్క ముక్కలకు వ్యతిరేక దిశలో వోల్టేజీ ఇచ్చారు. దాంతో పొడవులో తేడా ఉన్నా, వోల్టేజీ సర్దుబాటుతోనే స్విచ్ రెండు స్థితులకూ చేరగలిగింది. కప్లర్ పాతదే. దాన్ని ఇబ్బంది పెడుతున్న తయారీ లోపాన్ని తయారీలో కాక, విద్యుత్ వైపు నుంచి సరిచేసిన ఆలోచన కొత్తది.

1990లో జపాన్ టెలికాం సంస్థ ఎన్‌టీటీ పరిశోధకులు తరంగదైర్ఘ్య సమస్యకు వేరే దారి చూపారు. రెండు కప్లర్లను వరుసగా పెట్టి, మధ్యలో రెండు దారుల పొడవుల్లో చాలా చిన్న తేడా ఉంచారు. ఒక కప్లర్‌లో వచ్చే తరంగదైర్ఘ్య మార్పును ఆ తేడా, రెండో కప్లర్ కలిసి చాలావరకు రద్దు చేస్తాయి. అప్పుడు పంపిణీ నిష్పత్తి విస్తారమైన తరంగదైర్ఘ్యాల మీద దాదాపు సమంగా ఉంటుంది. వేవ్‌గైడ్ అంచుల్లో కాంతి తరంగదైర్ఘ్యం కంటే సన్నని కడ్డీలు చెక్కే సబ్‌వేవ్‌లెంగ్త్ గ్రేటింగ్ పద్ధతి కూడా ఈ కోవలోదే. కెనడా జాతీయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు ఈ పద్ధతిని 2000ల్లో ముందుకు తెచ్చారు. చెక్కే తీరును బట్టి పదార్థపు వక్రీభవన గుణకాన్నే కావలసినట్టు మలచుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ రోజుల్లో కొత్తవైన ఈ పరిష్కారాలే ఇప్పుడు పాత సమాచారంగా మారాయి. 2026లో ఎవరైనా సబ్‌వేవ్‌లెంగ్త్ గ్రేటింగ్‌తో విస్తృత తరంగదైర్ఘ్య శ్రేణిలో పనిచేసే కప్లర్ చేశామంటే, అది తెలిసిన సమస్యకు తెలిసిన మందు అని ఎగ్జామినర్ అనవచ్చు. అందుకు జవాబుగా ఆ నిర్దిష్ట అమరిక ఎందుకు తట్టేది కాదో, ఏ ప్రతికూల ప్రభావాన్ని ఊహించని రీతిలో అధిగమించిందో కొలతల డేటాతో చూపాలి. పాత డిజైన్, కొత్త డిజైన్ రెండింటినీ ఒకే వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచని పలక) మీద చేసి పోల్చిన ఫలితాలు ఉంటే వాదన చాలా బలపడుతుంది.

భారత చట్టం అదనంగా అడిగేవి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి వెళ్లే దరఖాస్తులను చెన్నై పేటెంట్ కార్యాలయం చూస్తుంది. వర్తించేది 1970 నాటి పేటెంట్ల చట్టం. అందులోని సెక్షన్ 2(1)(జేఏ) ప్రకారం ఇన్వెంటివ్ స్టెప్ అంటే ఉన్న జ్ఞానంతో పోలిస్తే సాంకేతిక పురోగతి ఉండాలి, లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. అంతేకాక నిపుణుడికి అది తేలిగ్గా తట్టకూడదు. చిప్ విస్తీర్ణం సగానికి తగ్గిందంటే ఆర్థిక ప్రాధాన్యం ఉందని వాదించవచ్చు గానీ, దానితో రెండో షరతు తీరదు. 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో, పాత్రలను లేత్ మీద తిప్పేటప్పుడు పట్టి ఉంచే సాధనంపై పేటెంట్‌ను రద్దు చేసింది. వర్క్‌షాప్‌లో పనివాడు చేసుకునే మెరుగుదల కంటే ఎక్కువ ఉండాలన్న ఆ తీర్పులోని సూత్రం నేటికీ వాడుకలో ఉంది.

సెక్షన్ 3లోని మూడు మినహాయింపులు కప్లర్లకు నేరుగా తగులుతాయి. 3(ఎఫ్) ప్రకారం తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చినప్పుడు, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దేనికది తెలిసిన పద్ధతిలోనే పనిచేస్తుంటే పేటెంట్ రాదు. రెండు కప్లర్లను వరుసగా పెట్టడం ఈ మినహాయింపులో పడుతుందా? ఎన్‌టీటీ పద్ధతిలాంటి అమరికలో అవి విడివిడిగా పనిచేయవు. ఒకటి చేసిన తప్పును మరొకటి దిద్దుతుంది. ఆ పరస్పర చర్య దరఖాస్తులో స్పష్టంగా కనిపిస్తే 3(ఎఫ్) అభ్యంతరం బలహీనపడుతుంది. 3(కె) గణిత పద్ధతులను, అల్గారిథమ్‌లను మినహాయిస్తుంది. కప్లర్ పొడవు లెక్కించే పద్ధతికి క్లెయిమ్ రాస్తే ఇది అడ్డొస్తుంది, ఆ లెక్కతో వచ్చిన నిర్మాణానికి రాస్తే అంత సులభంగా రాదు. మెకే రేడియో తీర్పులోని తర్కం ఇక్కడా కనిపిస్తుంది.

3(ఓ) మరీ చిక్కైనది. ఇది ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల టోపోగ్రఫీని, అంటే చిప్ మీద గీతల అమరికను పేటెంట్ పరిధి నుంచి తప్పిస్తుంది. వాటికోసం 2000లో సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్ డిజైన్ చట్టం వచ్చింది, రక్షణ 10 ఏళ్లు. కానీ ఆ చట్టం నిర్వచనం ప్రకారం ఆ సర్క్యూట్ ట్రాన్సిస్టర్లు, ఇతర భాగాలతో ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పని చేసేదై ఉండాలి. ట్రాన్సిస్టరే లేని, కాంతిని మాత్రమే పంచే కప్లర్ అందులోకి వస్తుందని చెప్పడం కష్టం. అమెరికా 1984లో చేసిన చిప్ రక్షణ చట్టం కూడా ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పని అన్న మాటే వాడింది. ఎలక్ట్రానిక్ చిప్‌లను మనసులో పెట్టుకుని రాసిన చట్టాలు కాంతి చిప్‌ను ఇలా మధ్యలో వదిలేశాయి. ఈ ఖాళీని చట్టసభలు పూడ్చాల్సిన అవసరం ఉంది. అప్పటిదాకా దరఖాస్తుదారులు గీతల అమరికను కాక, భౌతిక పరికరాన్ని, దాని పని తీరును క్లెయిమ్‌లో రాయడమే మేలు.

డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అది కంటికి కనిపించే ఆకారం, నమూనా, అలంకరణకు సంబంధించినది. సూక్ష్మదర్శిని కింద తప్ప కనిపించని, పని కోసమే ఆ ఆకారంలో ఉన్న కప్లర్‌కు అది ఉపయోగపడదు.

కంప్యూటర్ కనిపెట్టిన ఆకృతులు

2015లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2.8 మైక్రోమీటర్ల చదరంలో 1300, 1550 నానోమీటర్ల కాంతిని విడదీసే పరికరాన్ని చూపించారు. దాని ఆకారాన్ని మనిషి గీయలేదు. కావలసిన ఫలితం చెబితే కంప్యూటర్ వెనక్కి లెక్కించి, ఎక్కడ సిలికాన్ ఉండాలో ఎక్కడ ఉండకూడదో తేల్చింది. ఇన్వర్స్ డిజైన్ అనే ఈ పద్ధతి ఇప్పుడు కప్లర్లకూ విస్తరించింది.

ఇక్కడ పేటెంట్ చట్టానికి మూడు చిక్కులు వస్తాయి. ఆ ఆకారం చిత్రంగా ఉన్నంత మాత్రాన తట్టనిది అయిపోదు. అందరికీ అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఎవరు నడిపినా ఇలాంటిదే ఇస్తుందంటే అది మామూలు ప్రయోగమే కదా అన్న వాదన వస్తుంది. రెండోది ఆవిష్కర్త ఎవరన్నది. 2022లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు, 2023లో బ్రిటన్ సుప్రీంకోర్టు థాలర్ కేసుల్లో యంత్రాన్ని ఆవిష్కర్తగా అంగీకరించలేదు. కాబట్టి సమస్యను ఎంచుకోవడంలో, షరతులు పెట్టడంలో, ఫలితాన్ని గుర్తించడంలో మనిషి పాత్రను నోట్‌బుక్‌లో రాసి ఉంచుకోవడం అవసరం. మూడోది క్లెయిమ్ విస్తృతి. 100 నానోమీటర్ల తరంగదైర్ఘ్య శ్రేణిలో చెరి సగం పంచే ఏ ఆకారమైనా తమదేనని రాయాలన్న ఆశ సహజం. కానీ 2023లో ఆమ్‌జెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఫలితాన్ని చెప్పి అది సాధించే నిర్మాణాలన్నీ తమవే అనాలంటే వాటన్నింటినీ తయారుచేయగలిగేంత వివరం ఇవ్వాలని తేల్చింది. ఒక ఆకారం కనిపెట్టి వేల ఆకారాలు అడగడం ఇక కుదరదు.

ఐరోపాలో సిమ్యులేషన్ల గురించి 2021లో ఐరోపా పేటెంట్ కార్యాలయపు విస్తృత అప్పీళ్ల బోర్డు జీ 1/19 నిర్ణయం ఇచ్చింది. భవనంలో జనసంచారాన్ని కంప్యూటర్‌లో అనుకరించే పద్ధతి గురించిన కేసు అది. సిమ్యులేషన్ ఒక్కటే సాంకేతిక పురోగతి అయిపోదని, దానివల్ల సాంకేతిక ప్రభావం ఉందో లేదో విడిగా చూడాలని చెప్పింది. కప్లర్ రూపొందించే సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ అడిగేవారికి ఇది నేరుగా వర్తిస్తుంది.

పేపర్ ముందా, దరఖాస్తు ముందా

విద్యాసంస్థల్లో ఎక్కువగా నష్టం జరిగేది ఇక్కడే. సదస్సులో పేపర్ చదివిన తర్వాత పేటెంట్ గురించి ఆలోచిస్తే అప్పటికే ఆలస్యం కావొచ్చు. అమెరికాలో సొంత ప్రచురణకు 1 సంవత్సరం గడువుంది. ఐరోపాలో అలాంటి సాధారణ గడువు లేదు, సొంత పేపరే పాత సమాచారంగా మారి దరఖాస్తును దెబ్బతీస్తుంది. భారత్‌లో సెక్షన్ 31 ప్రకారం పండిత సభ (శాస్త్ర సంఘం వంటిది) ముందు చదివిన పేపర్‌కు, ఆ సభ ప్రచురణల్లో వచ్చినదానికి 12 నెలల వెసులుబాటు ఉంది. కానీ పత్రికలో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రీప్రింట్‌ను, సాధారణ వెబ్ ప్రచురణను ఆ వెసులుబాటు కాపాడుతుందన్న ధీమా పెట్టుకోకూడదు.

ఇందుకు ఉన్న సులువైన మార్గం ప్రొవిజనల్ దరఖాస్తు. పేపర్ పంపే ముందు దాన్ని వేస్తే ఆ తేదీ దక్కుతుంది, పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల సమయం ఉంటుంది. ఈలోగా చిప్ తయారై వస్తే కొలతలను జోడించవచ్చు. అయితే ప్రొవిజనల్‌లో లేని కొత్త విషయానికి ఆ పాత తేదీ వర్తించదు. అందుకే ఒక్క నమూనా కొలతలు ఇచ్చి ఊరుకోకుండా, ప్రత్యామ్నాయ పదార్థాలు, తరంగదైర్ఘ్యాలు, ఆకారాలు మొదట్లోనే రాసిపెట్టాలి. భారత్‌లో నివసించేవారు ముందుగా విదేశంలో దరఖాస్తు చేయాలంటే సెక్షన్ 39 కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు వేసి 6 వారాలు ఆగాలి. విద్యాసంస్థలకు 2021 నుంచి రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఉంది కాబట్టి డబ్బు లేదన్న కారణం ఇప్పుడు అంత బలంగా లేదు.

పేటెంట్ వచ్చాక

పేటెంట్ 20 ఏళ్లు ఉంటుంది, కానీ ఎవరైనా కాపీ కొడితే తెలిసేదెలా? కప్లర్ చిప్ లోపల, సిలికా పొర కింద దాగి ఉంటుంది. దాన్ని చూడాలంటే ప్యాకేజీ విప్పి, పొరలు తొలగించి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టాలి. చూసినా ఎడం, పొడవు దొరుకుతాయి గానీ, అవి ఏ ఆలోచనతో వచ్చాయో తెలియదు. డిజైన్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నవారికి ఇది మరింత కష్టం. పోటీదారు తన ల్యాబ్‌లో ఏ లెక్క వేశాడన్నది బయటి నుంచి నిరూపించలేం. పూర్తయిన పరికరాన్ని చూసి పోల్చగల నిర్మాణ లక్షణాలు క్లెయిమ్‌లో ఉంటేనే కోర్టులో పని అవుతుంది.

ఈ కారణంగానే కప్లర్‌ను పేటెంట్ చేయకుండా వ్యాపార రహస్యంగా ఉంచుకోవడం కూడా ఒక మార్గం. ఇతరుల కోసం చిప్‌లు తయారుచేసే ఫౌండ్రీ తన డిజైన్ లైబ్రరీలోని భాగాలను లోపలి గీతలు కనిపించని ‘బ్లాక్ బాక్స్’ రూపంలో ఇవ్వగలదు. కస్టమర్‌కు దాని పని తీరు తెలుస్తుంది, ఆకారం తెలియదు. సన్నని కొలతలు, తయారీకి తగ్గట్టు చేసే దిద్దుబాట్లు ఇలా రహస్యంగా ఉంచడమే లాభం. అవి ఎలాగూ పేటెంట్ పరీక్షలో తేలిగ్గా నిలవవు. కొత్త నిర్మాణ సూత్రం ఉండి, చిప్ విప్పితే కనిపించేదైతే మాత్రం రహస్యం ఎక్కువ కాలం ఆగదు. ఇంకొకరు స్వతంత్రంగా అదే కనిపెట్టి ప్రచురిస్తే రహస్యం ఉంచినవారికి ఏ హక్కూ మిగలదు. అలాంటి డిజైన్‌కు ఆ ప్రచురణ రాకముందే దరఖాస్తు వేయాలి.